అడపం నుంచి లైసెన్సు దాకా

కమలనగర్‌లో పొద్దున ఆరున్నర అయితే కాలిఫోర్నియాలో ముందురోజు సాయంత్రం ఆరు. మా మేనకోడలు సరిగ్గా ఆ టైంకే ఫోన్ చేస్తుంది. నేను పొయ్యి మీద చాయ్ పెట్టి ఉంటాను, అది బ్యూటీ స్కూల్ నుంచి ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకుని ఉంటుంది. మొన్న మార్చిలో ఒకరోజు పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది. "అత్తా, పారోనీషియా అంటే ఏందో చెప్పు. చదివిన కొద్దీ మర్చిపోతున్న."

ముప్పై ఏళ్లు కన్నడ మీడియం బడిలో సైన్సు చెప్పినదాన్ని. నాకూ తెలియలేదు. బొమ్మ పంపమన్నాను. గోరు చుట్టూ ఎర్రగా వాచి, ఒక మూల చీము పట్టి ఉంది. చూడగానే నవ్వొచ్చింది. "ఇది గోరుచుట్టు కదనే! మీ ముత్తాత వారానికి ఇద్దరికి కోసేటోడు."

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత అంది, "ముత్తాత కోసేటోడా? నాయిన ఎప్పుడూ చెప్పలే."

చెప్పడు. మా ఇంట్లో ఆ మాట నలభై ఏళ్లుగా ఎవరూ పెద్దగా ఎత్తలేదు. ఇల్లు విడిచి దూరంగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఏ పని చేసుకుంటూ వచ్చామో చెప్పుకోవడానికి కొందరికి గర్వం, కొందరికి మొహమాటం. మాది రెండో రకం. మేము మంగలి వాళ్లం. ఇప్పటి మాటలో నాయీ బ్రాహ్మణులం. కర్ణాటక కాగితాల్లో సవితా సమాజం అంటారు. మా మేనకోడలు చదువుతున్నది కాస్మెటాలజీ లైసెన్సు పరీక్షకు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దారి గురించే ఇది రాస్తున్నాను.

మా ఊరు తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. కమలనగర్ బీదర్ జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దు పక్కన ఉంటుంది. నిజాం కాలంలో వేసిన వికారాబాద్–పర్లి రైలు మార్గం మీద స్టేషను. పోయినకాడికి పోతే ఉద్గీర్, వెనక్కొస్తే భాల్కీ. చాలా కాలం ఔరాద్ తాలూకాలో ఉండి, 2017లో ప్రకటించిన కొత్త తాలూకాల్లో ఒకటైంది. బజారుకు పోతే కన్నడ, మరాఠీ, దక్కనీ ఉర్దూ మూడూ వినపడతాయి. తెలుగు మాత్రం మా ఇళ్లల్లోనే.

ఇట్లా ఎందుకయిందో చరిత్ర చెబుతుంది. 1956 నవంబర్ 1 దాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రంలోని ఒకే బీదర్ జిల్లా. ఆ రోజు జిల్లాను మూడు ముక్కలు చేశారు. నారాయణఖేడ్, జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌కు పోయినయి. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి పోయినయి. మిగిలింది మైసూరుకు వచ్చింది. మా తాత పుట్టింది నారాయణఖేడ్ వైపు పల్లెలో. అక్కడినుంచి కమలనగర్‌కు వచ్చినప్పుడు ఆయన రాష్ట్రం మారలేదు, జిల్లా కూడా మారలేదు. గీత ఆయన తర్వాత వచ్చి ఆయన్ని పరాయి రాష్ట్రం మనిషిని చేసింది.

ఆ మూడు భాషల ఊళ్లో మా పనికి నాలుగు పేర్లుండేవి. మరాఠీ వాళ్లు న్హావి అనేవాళ్లు, సాయిబులు హజ్జాం అనేవాళ్లు, మా ఇంట్లో మంగలి. కన్నడ వాళ్లు హడపద అనేవాళ్లు. ఈ నాలుగో పేరు దగ్గర కొంచెం ఆగాలి.

మా జిల్లాలోనే బసవకల్యాణం ఉంది, 12వ శతాబ్దంలో బసవేశ్వరుడు మంత్రిగా ఉన్న కల్యాణ పట్నం. ఆయనకు అతి దగ్గరగా ఉన్న శరణుల్లో ఒకడు హడపద అప్పణ్ణ. ఆయన భార్య లింగమ్మ. ఇద్దరూ వచనాలు రాశారు. హడప అంటే తమలపాకులు, వక్కలు పెట్టుకునే సంచి. అప్పణ్ణ బసవన్నకు ఆ సంచి మోసేవాడు, ఎవరు లోపలికి రావాలో చూసేవాడు. ఈ వైపు క్షురక వృత్తి వాళ్లు ఆయన్ని తమ మూలపురుషుడిగా కొలుస్తారు. తమలపాకుల సంచికీ గడ్డం గీసే కత్తికీ ఏం సంబంధం అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. తెలుగులో అదే మాట అడపం. మన పాత నిఘంటువులు తీసి చూడండి, అడపం అంటే తమలపాకుల సంచి అనీ, మంగలి పొది అనీ రెండర్థాలూ ఇస్తాయి. ఒకే తోలు సంచి, లోపలి సరుకు వేరు. మా తాత తన సంచిని అడపమనే అనేవాడు. మా నాయిన తరానికి అది పెట్టె అయింది. మా అన్న తరానికి ఆ పెట్టె అటక మీదికి పోయింది.

ఆ అడపంలో ఏముండేది? రెండు కత్తులు, సాన రాయి, కత్తికి పదును పెట్టే తోలు పట్టీ, ఇత్తడి గిన్నె, పటిక ముక్క, చిన్న అద్దం, గోళ్లు తీసే పరికరం, కురుపులు కోసే సన్న మొన కత్తి. ఈ చివరిదాన్ని మర్చిపోవద్దు. సెగ్గడ్డ కోయడం, ముల్లు తీయడం, గోరుచుట్టు చీము తీయడం మంగలి పనే. మా అవ్వ, అంటే నాయనమ్మ, మంత్రసాని. కాన్పు చేయడం, బాలింతకు నీళ్లు పోయడం, పసిబిడ్డకు నూనె రాసి కాళ్లు చేతులు సాగదీయడం ఆమె పని. పెళ్లిళ్లలో మైలపోలు రోజు పెళ్లికూతురి గోళ్లు తీసి పారాణి పెట్టేది. ఇంతా చేస్తే తాతకు డబ్బు కాదు, కోతల టైంకు కల్లంలో గింజలు. తెలుగు పల్లెల్లో మేర అనేవాళ్లు, ఇటు మరాఠీ వైపు బలుతా అంటారు. పేరు ఏదైనా లెక్క ఒకటే. ఏడాది పొడుగునా ఎవరు పిలిచినా పోవాలి. పోను అనే మాట ఆ లెక్కలో లేదు.

ఇప్పుడు సముద్రం అవతలి సంగతి. కత్తి పట్టినవాడే కురుపు కోయడం మన దగ్గరే కాదు, ఇంగ్లండులోనూ ఉండేది. 1540లో ఎనిమిదో హెన్రీ రాజు లండన్ క్షురకులనూ శస్త్రవైద్యులనూ ఒకే సంఘంలో కలిపాడు. 1745లో విడగొట్టారు. శస్త్రవైద్యుడు డాక్టరయ్యాడు, క్షురకుడు క్షురకుడిగానే మిగిలాడు. మన దగ్గర అట్లా విడగొట్టే చట్టం ఏదీ రాలేదు. ఊళ్లోకి ఆస్పత్రి వచ్చిననాడు మా అవ్వ పని మెల్లగా ఆగిపోయింది, అంతే.

అమెరికాలో క్షురకులకు మొదటి లైసెన్సు చట్టం మిన్నెసోటా రాష్ట్రంలో 1897లో వచ్చింది. కాలిఫోర్నియాలో కాస్మెటాలజీ బోర్డు 1927లో పెట్టారు. చట్టం ఉంటే పరీక్ష, పరీక్ష ఉంటే పుస్తకం. మా మేనకోడలు చదివే మైలేడీ పుస్తకం 1938 నుంచి ముద్రణలో ఉంది, ఎన్నో కూర్పులు దాటింది. బరువు చూస్తే మా బడి అట్లాసు గుర్తొచ్చింది. ఇదివరకు ఆ రాష్ట్రంలో 1,600 గంటలు స్కూల్లో కూర్చోవాలి. 2022 నుంచి 1,000 గంటలకు తగ్గించారు, చేతి పని చేసి చూపించే పరీక్ష కూడా తీసేశారు. అంటే ఇప్పుడు లైసెన్సు ఇచ్చేదీ ఆపేదీ రాత పరీక్షే. కత్తెర ఎంత బాగా ఆడినా థియరీ రాకపోతే అంతే సంగతులు.

దీంట్లో నాకు వింతగా తోచింది ఒకటుంది. పని చేతుల్లో ఉంటుంది, పరీక్ష మాత్రం మాటల్లో ఉంది. ఆ మాటలు మనవి కావు. కాలిఫోర్నియాలో ఈ పరీక్షను స్పానిష్‌లో రాయొచ్చు, వియత్నామీస్‌లో రాయొచ్చు, కొరియన్‌లో రాయొచ్చు. తెలుగులో లేదు, హిందీలో కూడా లేదు. వియత్నాం వాళ్లకు అది ఊరికే రాలేదు. 1975లో సైగాన్ పడిపోయాక శరణార్థులుగా వచ్చిన ఇరవై మంది ఆడవాళ్లు శాక్రమెంటో దగ్గరి శిబిరంలో ఉండేవాళ్లు. అక్కడికి సాయానికి వచ్చే టిప్పి హెడ్రెన్ అనే సినిమా నటి గోళ్లు చూసి వాళ్లు ముచ్చటపడ్డారు. ఆమె తన గోళ్ల పనిమనిషిని పిలిపించి నేర్పించింది. వాళ్లు లైసెన్సులు తెచ్చుకున్నారు, చుట్టాలకు నేర్పారు. అక్కడి గోళ్ల దుకాణాల్లో ఇవాళ సగం మంది దాకా వాళ్లేనంటారు. అంతమంది ఉంటే బోర్డు వాళ్ల భాష వింటుంది. మనవాళ్లు అమెరికాలో తక్కువేం లేరు. కానీ ఈ పనిలోకి పోయినవాళ్లు తక్కువ, పోయినా ఇంట్లో చెప్పుకునేవాళ్లు ఇంకా తక్కువ.

మన దేశపు ఆడవాళ్లు ఎక్కువగా పోయింది దారంతో కనుబొమలు తీసే పనికి. టెక్సాస్‌లో ఆ దారం కోర్టుకెక్కింది. దారం పని చేయాలన్నా 750 గంటల శిక్షణ, పరీక్ష ఉండాలని అక్కడి శాఖ జరిమానాలు వేసింది. ఆ పనివాళ్లూ దుకాణదారులూ 2009లో కేసు వేశారు. అది పటేల్ కేసుగా పేరుపడి 2015 జూన్‌లో టెక్సాస్ సుప్రీం కోర్టులో తేలింది. ఆ 750 గంటల్లో 320 దాకా దారం పనికి సంబంధమే లేనివని లెక్క తేలింది. ఆ నిబంధన చెల్లదని కోర్టు కొట్టేసింది. ఈ తీర్పు చదివినప్పుడు సంతోషించాను. కానీ దీన్ని పట్టుకుని థియరీ అంతా దండగ అంటే నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

మా తాతకు ఒకటే ఇత్తడి గిన్నె. పొద్దున రావిచెట్టు కింద కూర్చుంటే మధ్యాహ్నం దాకా అవే నీళ్లు, అదే కత్తి. ఒకరి తల మీది తామర ఇంకొకరికి అంటించిన చేతుల్లో ఆయన చేతులు కూడా ఉండి ఉంటాయి. ఆయన తప్పు కాదు, క్రిమి అనేది ఒకటుందని ఆయనకు ఎవరు చెప్పారు? మా నాయిన స్టేషను రోడ్డులో కుర్చీ వేసి సెలూన్ పెట్టాక కూడా చాలా ఏళ్లు నూరే కత్తే వాడాడు. 1990ల్లో ఎయిడ్స్ భయం వచ్చినప్పుడే సగం బ్లేడు తొడిగే కత్తి మా పెట్టెలోకి వచ్చింది. "కొత్త బ్లేడు పెట్టు" అని గిరాకీలే అడగడం మొదలుపెట్టారు. మా మేనకోడలి పుస్తకంలో దీనికి ఒక పెద్ద అధ్యాయమే ఉంది. కడగడం వేరు, క్రిములను చంపడం వేరు, సూక్ష్మజీవి ఒక్కటి కూడా మిగలకుండా చేయడం వేరు. దువ్వెనను ముందు కడిగి, ఆ తర్వాతే నీలం రంగు మందు నీళ్లలో పూర్తిగా మునిగేట్టు పెట్టాలి. సీసా మీద రాసినంత సేపు ఉంచాలి. పది నిమిషాలని ఉంటే తొమ్మిదో నిమిషంలో తీస్తే పనికిరాదు. పరీక్షలో ఎక్కువ ప్రశ్నలు దీని మీదే తిరుగుతాయట. తిరగాలి కూడా.

కష్టమంతా పేర్ల దగ్గరే. అందుకే మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. అది పొద్దున ఐదు పేర్లు పంపుతుంది, నేను మన మాట వెతికి పంపుతాను. ఫురంకిల్ అంటే సెగ్గడ్డ. వెరూకా అంటే పులిపిరి. స్కేబీస్ గజ్జి, విటిలిగో బొల్లి, క్లోయాస్మా అంటే మంగు మచ్చలు. పెడిక్యులోసిస్ అని నోరు తిరగని మాట పంపింది. తీరా చూస్తే తలలో పేలు! కెనైటీస్ అంటే వెంట్రుకలు నెరవడం. ఇట్లా రాసుకుంటూ పోతే డెబ్బై దాకా అయ్యాయి. సగానికి పైగా మాటలు మా అవ్వ నోట విన్నవే.

మన మాటలన్నీ గొప్పవని చెప్పడానికి ఇది రాయడం లేదు. కొన్ని తప్పుదోవ పట్టిస్తాయి. అలోపీషియా ఏరియాటా అని ఒకటుంది. తల మీద రూపాయి బిళ్లంత జుట్టు ఊడి నున్నగా అవుతుంది. మనం పేనుకొరుకుడు అంటాం. పేను కొరకడమూ లేదు, పాడూ లేదు. ఒంటి రక్షణ శక్తి వెంట్రుక కుదుళ్ల మీదికే తిరగడం వల్ల వస్తుంది, అంటదు. మా మేనకోడలు తెలుగు మాట నమ్ముకుని నమూనా పరీక్షలో "అంటువ్యాధి" అని పెట్టి మార్కు పోగొట్టుకుంది. నన్ను తిట్టింది కూడా. ఇంగ్లిష్ వాళ్లేం తక్కువ తినలేదు, తామరకు వాళ్లు పెట్టిన వాడుక పేరులో పురుగు ఉంది. అక్కడ పురుగు లేదు, ఉన్నది బూజు జాతి. ఎవరి భాషలో వాళ్లు కంటికి కనపడిందాన్ని బట్టి పేరు పెట్టుకున్నారు.

వెంట్రుక రసాయనం దగ్గర మాత్రం అవ్వ గెలిచింది. వెంట్రుకకు కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య. క్షారం ఎక్కువైతే పైపొర విచ్చుకుని జుట్టు బిరుసెక్కుతుంది. అవ్వ బట్టల సబ్బును తలకు ముట్టనిచ్చేది కాదు, కుంకుడుకాయ పులుసే. కుంకుడు రసం సబ్బులాగా క్షారం కాదు. ఆమెకు పీహెచ్ తెలియదు, తలంటి పోసిన తలలు తెలుసు.

ఇక్కడ మన దేశంలో ఈ పనికి ప్రత్యేకంగా లైసెన్సు పరీక్ష లేదు. దుకాణానికి మునిసిపాలిటీ అనుమతి ఉంటే చాలు. ఐటీఐల్లో కాస్మెటాలజీ అని ఏడాది కోర్సు ఉంది, అందులో ట్రేడ్ థియరీ అని పేపరూ ఉంది, చదివినవాళ్లకు మంచిదే. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తుల్లో క్షురక వృత్తి ఒకటి. ఐదారు రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000. మా చిన్నాయిన కొడుకు చేరి కార్డు తెచ్చుకున్నాడు. శిక్షణలో ఏం చెప్పారురా అంటే "నాకు తెలిసిందే నాకు చెప్పిండ్రు అక్కా, కానీ కార్డు మంచిగుంది" అన్నాడు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం. మా చుట్టాలు చెప్పుకుంటుంటే సరిహద్దు ఇవతల కూర్చుని వింటాం.

ఇక మా అన్న సంగతి. అన్న బ్యాంకులో క్లర్కుగా చేరి మేనేజరుగా రిటైరయ్యాడు. ఆయన పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సెలవురోజు సెలూన్లో చేయి సాయం చేయబోతే నాయిన కత్తి లాక్కుని చెంప మీద కొట్టాడు. మళ్లీ ఈ గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్నాడు. అంత పట్టుబట్టి దాటించిన గడప అది. కూతురు బీకాం చేసింది, పెళ్లయి అమెరికా పోయింది, పని చేసే పర్మిట్ వచ్చింది. ఏ లెక్కల ఉద్యోగమో చూసుకుంటుందనుకుంటే ఇది. ఫీజు సంగతి తెలిసినరోజు అన్న నాకు ఫోన్ చేశాడు.

"మా నాయిన నన్ను కొట్టి తప్పించిన పనికి నా బిడ్డ పైసలు కట్టి పోతదా? నువ్వు దానికి పేర్లు నేర్పిస్తున్నవంట!"

నేనేం అనలేదు. రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన కోపం నాకు అర్థం కాక కాదు. అక్కడ ఆ పనికి కులం లేదని మేనకోడలు అంటుంది. అది నిజమే కావచ్చు. కానీ అన్న ఆ మాట వింటున్నది అక్కడ కూర్చుని కాదు, కమలనగర్ స్టేషను రోడ్డులో కూర్చుని.

పోయిన ఆదివారం అన్న మా ఇంటికొచ్చాడు. అదే టైంకు ఫోను మోగింది. స్పీకర్లో పెట్టాను. మేనకోడలు నమూనా ప్రశ్న చదివింది. గిరాకీ గడ్డం కింద చీముపొక్కులు, అంటుకునే జబ్బులా ఉంది, నువ్వేం చేయాలి? నాలుగు జవాబులు చదివింది. జాగ్రత్తగా గీయాలి, మందు రాసి గీయాలి, గ్లవ్స్ వేసుకుని గీయాలి, పని చేయనని చెప్పి డాక్టర్ దగ్గరికి పంపాలి.

నేను నోరు తెరిచేలోపల అన్న అన్నాడు, "నాలుగోది."

అటూ ఇటూ నిశ్శబ్దం. తర్వాత అన్న చెప్పిన కథ నేను అరవై రెండేళ్లలో ఎప్పుడూ వినలేదు. తాత కమలనగర్‌కు రైలు స్టేషను చూసి, గిరాకీ దొరుకుతుందని వచ్చాడనే మా ఇంట్లో అందరికీ తెలుసు. అది సగమేనట. నారాయణఖేడ్ వైపు ఆ పల్లెలో ఒక పెద్దమనిషికి గడ్డమంతా పొక్కులు లేచాయి. తాత గీయనన్నాడు. భయమో, బుద్ధో, ఆ కత్తితోనే మళ్లీ పసిపిల్లలకు పుట్టువెంట్రుకలు తీయాలన్న ఆలోచనో, ఏదైతేనేం గీయనన్నాడు. మంగలోడు గీయననడం ఆ ఊళ్లో ఎవరూ విననిది. ఆ ఏడు కల్లంలో మేర గింజలు కొలవలేదు. సంక్రాంతి దాటక ముందే అవ్వ, తాత, చంకలో నాయిన, భుజాన అడపం. నాయిన ఈ సంగతి అన్నకు ఒక్కడికే చెప్పాడట, అదీ చెంప మీద కొట్టిన రోజు రాత్రి.

"నాలుగోదే కరెక్టు నాయినా," అంది మేనకోడలు. తర్వాతి ప్రశ్న చదవనా అని అడిగింది.

"చదువు," అన్నాడు అన్న. చాయ్ చల్లారిపోయింది, మళ్లీ వేడి చేయడానికి నేను లేచాను. పరీక్ష వచ్చే నెల పదకొండున.